పెద్దమనిషి ఎప్పుడవుతాం?

"మేడం, ఈ పట్టికలో నేనెక్కడున్నాను?"

బి.ఇడి. క్లాసులో ఎరిక్సన్ మనోసాంఘిక వికాస దశలు చెప్తున్న రోజది. నల్లబల్ల మీద ఎనిమిది గళ్ళు గీశాను. ఒక వరసలో వయసు, ఒక వరసలో ఆ వయసులో ఎదురయ్యే సంఘర్షణ రాశాను. ఐదో గడిలో కౌమారం: 'నేనెవరు' అన్నది తేల్చుకోవడం. ఆరో గడిలో యౌవనం: మరొకరితో సాన్నిహిత్యం. ఏడో గడిలో నడివయసు: తర్వాతి తరాన్ని పెంచడం. డీఎస్సీకి, టెట్‌కి చదివే పిల్లలందరూ బట్టీ పట్టే పట్టికే. నేను కూడా అలా బట్టీ పట్టి వచ్చినదాన్నే.

అడిగిన అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. ఇంటర్ మధ్యలో పెళ్ళి చేశారు. పందొమ్మిదో ఏట కొడుకు పుట్టాడు. డిగ్రీ ప్రైవేటుగా కట్టి పాసయింది. ఆ పిల్లాడిప్పుడు రెండో తరగతి. ఆమె ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఐదో మెట్టు ఎక్కకుండానే నన్ను ఆరు, ఏడు మెట్ల మీదకి ఎత్తి కూర్చోబెట్టారు. ఇప్పుడు కాలేజీకొచ్చి మళ్ళీ ఐదో మెట్టు దగ్గర మొదలుపెట్టాను. అంటే నేను వెనక్కి నడుస్తున్నట్టా మేడం?"

ఒక దశలో తేలని సంఘర్షణ తర్వాతి దశల్లోకి కూడా వస్తుందని పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాను. తప్పు జవాబు కాదు. కానీ ఆమె అడిగినదానికి అది జవాబూ కాదు. ఆ రోజు నుంచీ ఈ మెట్ల గురించి ఆలోచిస్తున్నాను. ఈ మెట్లు ఎవరి అడుగుల్ని కొలిచి కట్టారు? మన రచయిత్రులు స్త్రీల ఎదుగుదలను ఏ లెక్కన రాశారు? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కౌమారం అనే దశ ఒకటుందని ఆధునిక మనస్తత్వశాస్త్రం గట్టిగా చెప్పింది 1904లో. ఆ ఏడాది స్టాన్లీ హాల్ అమెరికాలో రెండు పెద్ద సంపుటాలుగా 'అడాలసెన్స్' ప్రచురించాడు. మన పాఠ్యపుస్తకాల్లో కౌమారం అనగానే కనిపించే 'ఒత్తిడి, కల్లోలం' అన్న మాటలు ఆయన ప్రచారంలోకి తెచ్చినవే. అయితే ఆ కల్లోలం లోంచి మగపిల్లవాడు లోకంలోకి వెళ్ళాలనీ, ఆడపిల్ల మాతృత్వానికి సిద్ధపడాలనీ కూడా ఆయన నమ్మాడు. ఎక్కువ చదువు ఆడపిల్లల సంతానశక్తికి చేటని భయపడ్డాడు. ఈ భయం ఆయనతో మొదలైంది కాదు. 1873లోనే ఎడ్వర్డ్ క్లార్క్ అనే బోస్టన్ వైద్యుడు ఈడేరే వయసులో ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే ఒంట్లో శక్తి మెదడుకి పోయి గర్భాశయం ఎదగదని ఒక పుస్తకమే రాశాడు. "ఎక్కువ చదివితే కళ్ళకింద గుంటలు పడతాయి, పెళ్ళి కాదు" అని మా మేనత్త అనేది. ఆమె క్లార్క్ పేరు విని ఉండదు. ఇద్దరిదీ ఒకే శాస్త్రం.

ఎరిక్సన్ 1950లో 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ'లో ఎనిమిది దశలు చెప్పాడు. ఎదుగుదల బాల్యంతో ఆగిపోదు, చావుదాకా సాగుతుంది అన్నది ఆయన ఇచ్చిన గొప్ప చూపు. దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆయన పెద్దరికానికి దారి ఇది: ముందు నేనెవరో తేల్చుకో, ఆ తర్వాత మరొకరికి దగ్గరవు. మరి స్త్రీల సంగతేమిటని వచ్చేసరికి 1964లో రాసిన వ్యాసంలో మాట మార్చాడు. ఆడపిల్లలు బొమ్మలతో ఆడుతూ లోపలి గదులూ ప్రహరీలూ కడతారట, మగపిల్లలు గోపురాలు కడతారట. దానికి మూలం వాళ్ళ శరీర నిర్మాణంలోనే ఉందట. స్త్రీ గుర్తింపులో కొంత భాగం ఆమె ఎంచుకునే పురుషుడి కోసం, పుట్టబోయే బిడ్డల కోసం ఖాళీగా ఉంటుందట. ఆ ఆడపిల్లల ఇళ్ళల్లో వాళ్ళని గడప దాటనిచ్చారా అన్న ప్రశ్న మాత్రం ఆయనకి ముఖ్యం కాలేదు.

హావిగ్‌హర్స్ట్ వికాస కృత్యాలు మన బి.ఇడి. పిల్లలకి ఇంకా దగ్గరి పాఠం. కౌమారంలో స్త్రీ పాత్రనో పురుష పాత్రనో సాధించుకోవాలి, పెళ్ళికి సిద్ధపడాలి. యౌవనంలో జీవిత భాగస్వామిని ఎంచుకోవాలి, కాపురం నిర్వహించాలి, పిల్లల్ని పెంచాలి. 1940ల అమెరికాలో మధ్యతరగతి కుటుంబం ఏం కోరిందో అది 'వికాసం' అయిపోయింది. ఆ పట్టిక ప్రకారం పెళ్ళి చేసుకోనిది, పిల్లలు లేనిది, భర్తని వదిలి వచ్చినది అందరూ వికాసం కుంటుపడినవాళ్ళే. దీన్ని మనం ప్రతి ఏడాదీ కొన్ని వేలమంది ఆడపిల్లల చేత పరీక్షల్లో రాయిస్తున్నాం.

కోల్‌బర్గ్ నైతిక వికాస దశలు అబ్బాయిలను మాత్రమే తీసుకుని చేసిన అధ్యయనం మీద నిలబడ్డాయి. ఆ కొలబద్దతో కొలిస్తే అమ్మాయిలు మధ్య మెట్టు మీదే ఆగిపోయినట్టు కనపడేది. ఆయనతో కలిసి పనిచేసిన కేరొల్ గిలిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' రాసి ఈ కొలబద్దనే ప్రశ్నించింది. అమ్మాయిలు నైతిక సమస్యను హక్కుల లెక్కగా కాక, సంబంధాల్లో ఎవరికి ఏమవుతుందన్న బాధ్యతగా చూస్తున్నారనీ, అది తక్కువ మెట్టు కాదు, వేరే గొంతు అనీ చెప్పింది. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు గుండె బరువు దిగినట్టయింది. కానీ రెండోసారి చదివినప్పుడు అనుమానం వచ్చింది. అందరి కష్టసుఖాలూ పట్టించుకోవడం మా అమ్మ స్వభావమా, మరో దారి లేక నేర్చుకున్న విద్యా? లొంగి ఉండాల్సినవాళ్ళంతా ఎదుటివాళ్ళ మొహాలు చదవడం నేర్చుకుంటారు. దాన్ని స్త్రీ స్వభావమని పొగిడితే ఎరిక్సన్ ప్రహరీలోకే మళ్ళీ వెళ్తాం.

ఇక మన భాష సంగతి. ఆడపిల్ల ఈడేరడానికి మన దగ్గర ఉన్నన్ని మాటలు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో. సమర్తాడింది, రజస్వల అయింది, పుష్పవతి అయింది, ఈడేరింది. పాతకాలం వాళ్ళు 'వ్యక్తురాలైంది' అనేవారు. అన్నిటికన్నా వాడుకలో ఉన్న మాట 'పెద్దమనిషి అయింది'. వ్యక్తి, పెద్దమనిషి: ఇంతకన్నా గౌరవమైన మాటలు ఏ భాషలోనైనా ఉంటాయా? మగవాడు పెద్దమనిషి అయ్యాడంటే నలుగురూ అతని మాట వింటున్నారని అర్థం. పంచాయితీల్లో కూర్చుంటున్నాడని అర్థం. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే ఇక నలుగురిలోకీ రాకూడదని అర్థం.

నేను పెద్దమనిషినయినప్పుడు ఎనిమిదో తరగతి. వసారాలో మూలగా చాపేసి కూర్చోబెట్టారు. వేరే కంచం, వేరే గ్లాసు. చిమ్మిలి ఉండలు, నెయ్యి వేసిన పులగం. అంత ప్రేమగా నాకు ఎప్పుడూ ఎవరూ పెట్టలేదు. అమ్మలక్కలు పాటలు పాడారు. పదకొండో రోజున బడికి వెళ్తానంటే మా నాయనమ్మ అంది, "ఇంక పరిగెత్తకు. నడువు." అంతే. నా పరుగు అక్కడ ఆగింది. సైకిలు తమ్ముడికి పోయింది. ఆ తిన్న చిమ్మిలి తీపీ, ఆ పోయిన సైకిలూ రెండూ నిజమే. ఒకదాన్ని మర్చిపోయి ఇంకోదాని గురించి రాస్తే అబద్ధం అవుతుంది.

లీలా దూబే 1988లో హిందూ ఆడపిల్లల పెంపకం గురించి రాసిన వ్యాసంలో దక్షిణాదిన ఈ వేడుక అందరి ముందూ జరగడాన్ని ప్రత్యేకంగా చర్చించింది. పిల్ల సంతానవతి కాగలదని ఆనందం, ఆమె శరీరానికి కాపలా కాయాలన్న భయం, రెండూ ఒకే పీట మీద కూర్చుంటాయి. ఇప్పుడు ఆ చాప ఫంక్షన్ హాలుకి వెళ్ళింది. 'నూతన వస్త్రాలంకరణ మహోత్సవం' అని ఆహ్వాన పత్రికలు, వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ. అన్నకి పంచెకట్టు, చెల్లికి ఓణీలు ఒకే వేదిక మీద జరుగుతాయి. పంచె కట్టిన అన్న మర్నాడు మళ్ళీ నిక్కరు తొడుక్కుని క్రికెట్‌కి పోతాడు.

శరీర శాస్త్రం చెప్పేది ఈ వేడుకకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆడపిల్ల శరీరంలో మార్పు మొదలయ్యేది బహిష్టుతో కాదు. ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య ఎప్పుడో రొమ్ములు మొలకెత్తడంతో మొదలవుతుంది. తొలి బహిష్టు వచ్చేది దానికి ఇంచుమించు రెండేళ్ళ తర్వాత. అప్పటికి పొడుగు ఎదిగే ఉధృతి దాటిపోయి ఉంటుంది. ఆ తర్వాత పెరిగేది కొద్ది సెంటీమీటర్లే. కానీ కటి ఎముకలు ఆ తర్వాత కూడా విశాలమవుతూ ఉంటాయి. బహిష్టులు ఒక క్రమంలో పడడానికి ఒకటి రెండేళ్ళు పడుతుంది. ఎముకల గట్టిదనం ఇరవైలు దాటేదాకా పెరుగుతూనే ఉంటుంది. ముందుచూపుకీ నిగ్రహానికీ సంబంధించిన మెదడు ముందు భాగం ఇరవైల మధ్యదాకా పరిపక్వమవుతూ ఉంటుంది. అంటే తొలి ముట్టు ఆరంభమూ కాదు, ముగింపూ కాదు. ఒక పొడుగాటి ప్రయాణంలో మధ్య స్టేషను. మన సమాజం ఆ ఒక్క స్టేషనులోనే ఆడపిల్లని దించేసి, ఊరొచ్చింది పొమ్మంటోంది.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం మొత్తం మీద 23.3. చదువులో ముందున్నామని చెప్పుకునే మనం దేశ సగటుని దాటామన్నమాట. పదిహేనేళ్ళ పిల్ల ఎవరినైనా ఇష్టపడితే "దానికేం తెలుసు, పసిపిల్ల" అంటారు. అదే పిల్లకి పెళ్ళి చేసేటప్పుడు "దానికేం, పెద్దమనిషి" అంటారు. ఎంచుకోవడానికి చాలని వయసు కనడానికి చాలుతుంది. మెదడు ఇరవై అయిదుదాకా ముదరదన్న మాటని కూడా ఇప్పుడు అమ్మాయిల నోరు మూయించడానికి వాడుతున్నారు. శాస్త్రం చెప్పింది వాళ్ళకి ఇంకా కాలం కావాలని. కాపలా కావాలని కాదు.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వద్దాం. తెలుగులో మగవాడి ఎదుగుదల గురించి గొప్ప నవలలున్నాయి. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' దయానిధి, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' సీతారామారావు, నవీన్ 'అంపశయ్య' రవి. వీళ్ళు ఎదిగారో చితికిపోయారో గానీ ఆలోచించుకోవడానికి వాళ్ళకొక చోటుంది. తిరగడానికి దారులున్నాయి, రవికి హాస్టలు గది ఉంది. తమలో తాము మాట్లాడుకోవడానికి కొన్ని వందల పేజీలున్నాయి. అదే వయసు ఆడపిల్ల ఒక్క రోజంతా తనలో తాను తిరిగే నవల మనకి ఏదీ? ఆమె కౌమారం ఎక్కువగా కవితల్లోకీ చిన్న కథల్లోకీ ముక్కలు ముక్కలుగా వచ్చింది. గది లేకపోతే ప్రక్రియ కూడా చిన్నదవుతుంది.

ఆ ముక్కల్లో ఒకటి పైట. లంగా మీద ఓణీ పడ్డ రోజే శరీరం మీద సిగ్గు పడుతుంది. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' కవిత వచ్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో మనలో చాలామందికి గుర్తే. భుజం మీద గుడ్డని కాదు, ఆ గుడ్డ ద్వారా పదమూడేళ్ళ పిల్ల మనసులో పాతుకున్న నేరభావాన్ని ఆ కవిత పట్టుకుంది. మనో వికాస గ్రంథాలు చెప్పని విషయం అది. శరీరం ఎదగడం వేరు, ఎదిగినందుకు తలొంచుకోవడం నేర్చుకోవడం వేరు. రెండోది హార్మోన్లు చేసే పని కాదు.

తర్వాత జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాసింది. దళిత స్త్రీకి కొంగు రొమ్ముల మీద కాపలా గుడ్డ కాదు, చెమట తుడుచుకునేది, పనిలో తోడుండేది అన్న ఎరుక ఆ కవితది. ఆ కవిత చదివాక నేను క్లాసులో 'ఆడపిల్ల కౌమారం' అని ఏకవచనంలో చెప్పడం మానేశాను. మూల కూర్చోబెట్టడానికి ముందు ఇంట్లో ఒక మూల ఉండాలి. పదకొండు రోజులు పనిలోకి పంపకుండా ఉండగలగాలి. గడప దాటవద్దన్న ఆంక్ష ఒక కులం పిల్ల బాధ. గడప దాటి నాట్లకి పోక తప్పకపోవడం, పోయిన చోట ఆసామి కళ్ళని తప్పించుకోవాల్సి రావడం ఇంకో కులం పిల్ల బాధ. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' ఈ తేడాని వాదంగా కాక అనుభవంగా మన ముందు పెట్టింది. గిలిగన్ ఒక గొంతు వినిపించింది. వినాల్సిన గొంతులు చాలా ఉన్నాయని మనకు చెప్పింది దళిత, ముస్లిం రచయిత్రులు.

యౌవనం సంగతి ఇంకా విచిత్రం. ఒకసారి నేనెవరో తేలాక అది నిలిచి ఉంటుందని నల్లబల్ల మీది పట్టిక చూస్తే అనిపిస్తుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకరోజు హఠాత్తుగా తన పేరేమిటో గుర్తులేదని గ్రహిస్తుంది. ఇంట్లోవాళ్ళకీ చుట్టుపక్కలవాళ్ళకీ ఆమె అమ్మ, ఏమండీ, ఫలానావారి భార్య. చివరికి పేరు పెట్టి పిలిచేది చిన్ననాటి స్నేహితురాలు. ఈ కథని మనం పెళ్ళి మీద వ్యంగ్యంగానే ఎక్కువ చదివాం. నాకిప్పుడు అది వికాస సిద్ధాంతానికి రాసిన జవాబులా కనిపిస్తుంది. శారద కౌమారంలో తనెవరో తేల్చుకోని మనిషి కాదు. చదువుకుంది, బొమ్మలేసింది, నలుగురిలో పేరు తెచ్చుకుంది. సాధించుకున్నదే పెద్దయ్యాక పోగొట్టుకుంది. పెద్దరికం అంటే పోగేసుకోవడం అని పుస్తకాలు చెప్తాయి. చాలామంది ఆడవాళ్ళకి పెద్దరికం అంటే ఒక్కొక్కటే జారవిడుచుకోవడం. ఈ కథలో ఎదుగుదల ముందుకి కాదు, వెనక్కి నడిచి దొరికింది. మా విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇదే.

ఈ మెట్లన్నిటినీ తలకిందులు చేసిన పుస్తకం కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'. 1918లో పామర్రులో పుట్టిన ఆమె ఆత్మకథ 2012లో వచ్చింది. అప్పటికి ఆమెకి తొంభై దాటాయి. ఊహ తెలియని వయసులో పెళ్ళి. ఊహ తెలిసేలోగానే వైధవ్యం. ఈడేరకముందే జీవితం అయిపోయిందని లోకం తేల్చేసింది. ఆ తర్వాత జాతీయోద్యమ పాటలు, రెండో పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ, ఇద్దరు పిల్లలు, అజ్ఞాతవాసం. ఆ తర్వాత భర్త వదిలి వెళ్ళడం. ముప్పయ్యయిదేళ్ళ ప్రాంతంలో హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్‌కి చదువు. ఆ తర్వాత కాకినాడలో హాస్టలు మేట్రన్‌గా ఉద్యోగం. కొడుకునీ, తర్వాత కూతుర్నీ కూడా పోగొట్టుకోవడం. తొంభై దాటాక ఆత్మకథ. 2018లో, నూరేళ్ళ వయసులో కన్నుమూసింది.

ఈ జీవితాన్ని ఎరిక్సన్ గళ్ళలో సర్ది చూడండి. ఎనిమిదో దశ అనుభవమైన వియోగం మొదటే వచ్చింది. ముందు దశల్లోనే పూర్తి కావాల్సిన చదువు ముప్పైల్లో సాగింది. సాన్నిహిత్యం వచ్చి పోయాక 'నేనెవరు' అన్న ప్రశ్న వచ్చింది. పిల్లలు పోయాక కూడా హాస్టల్లో వందలమంది పిల్లలకి పెద్దదిక్కుగా ఉంది. దీన్ని 'అసాధారణ జీవితం' అని పక్కకి పెట్టేయడం తేలిక. కానీ బాల్యవివాహాలు, వైధవ్యాలు, ఆగిన చదువులు మన అమ్మమ్మల తరంలో అసాధారణం కాదు. కోటేశ్వరమ్మలో అసాధారణమైంది ఆమె వాటిని దాటి రాయగలగడం. అరిచి చెప్పగల కష్టాన్ని ఆమె మెల్లగా చెప్తుంది. పార్టీనీ భర్తనీ ప్రశ్నించాల్సినచోట ప్రశ్నిస్తుంది, కానీ పగ తీర్చుకోవడానికి రాయదు. ఎరిక్సన్ చివరి దశకి పెట్టిన పేరు సమగ్రత. తన జీవితం ఇదీ అని ఒప్పుకుని నిలబడడం. ఆ ఒక్క మాట దగ్గర ఆయన ఆమెను చూసే రాశాడా అనిపిస్తుంది. అక్కడికి చేరిన దారి మాత్రం ఆయన పటంలో లేదు.

నాకు పుస్తకంతో ఒక పేచీ ఉంది. శరీరం గురించి కోటేశ్వరమ్మ పొదుపుగా మాట్లాడుతుంది. ఒక వితంతువుగా, కార్యకర్తగా, ఒంటరి స్త్రీగా ఆ శరీరం ఏమేం భరించిందో మనం వాక్యాల మధ్య వెతుక్కోవాలి. ఆ తరం ఉద్యమం శరీరాన్ని త్యాగం చేయమంది గానీ మాట్లాడమనలేదు.

మాట్లాడించినవాళ్ళలో ఓల్గా ఒకరు. 'రాజకీయ కథలు' స్త్రీ శరీరాన్నే రాజకీయ స్థలంగా చూశాయి. కానీ వికాసం గురించి ఆలోచించేటప్పుడు నాకు దగ్గరయింది 2010లో పుస్తకంగా వచ్చి, 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'విముక్త'. ఈ కథల్లో సీత వేర్వేరు కాలాల్లో శూర్పణఖనీ అహల్యనీ రేణుకనీ ఊర్మిళనీ కలుసుకుంటుంది. శూర్పణఖ తోట పెంచుతుంది. ముక్కుచెవులు పోయిన శరీరంతో రాజీ కుదుర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో, అందం అంటే ఏమిటో మళ్ళీ మొదట్నుంచి ఎలా నేర్చుకుందో సీతకి చెప్తుంది. ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోలేదు, తనలో తాను వెతుక్కుంది. ఇక్కడ ఎదుగుదల పురుషుడి నుంచి రాదు, పిల్లల నుంచి కూడా రాదు. దెబ్బతిన్న ఇంకో ఆడమనిషి పక్కన కూర్చుని వినడం నుంచి వస్తుంది. విన్నది ఆ రోజే అర్థం కాదు, ఏళ్ళ తర్వాత తన కష్టంలో అర్థమవుతుంది. మానసిక పరిణతి నిజంగా అలాగే జరుగుతుందని నా అనుభవం కూడా.

అయితే 'విముక్త' స్త్రీల శరీరాలు చాలావరకు పురాణంలోని శరీరాలు. అక్కడ మోకాళ్ళు నొప్పి పుట్టవు. స్త్రీవాద సాహిత్యం పైట గురించి, పురిటి నొప్పుల గురించి, గర్భస్రావం గురించి ధైర్యంగా రాసింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాసినప్పుడు కవిత్వంలోకి రాకూడదన్నవి వచ్చాయి. కానీ ముట్లుడిగే వయసు గురించి మనం ఎంత రాశాం? ఆ రోజుల్లో ఒంట్లోంచి పొగలొచ్చినట్టుండడం, అర్ధరాత్రి చెమటలు, ఎవరి మీదో తెలియని కోపం, ఇక నెలనెలా ఆ బెడద లేదన్న తేలిక, వీటి గురించి ఎన్ని కథలున్నాయి? మొదటి ముట్టుకి ఫంక్షన్ హాలు, చివరి ముట్టుకి మౌనం. ఆ మౌనంలో మన పాలు కూడా ఉంది.

ఆ మౌనానికి మూల్యం ఉంది. 2015-16లో జరిగిన నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలోకెల్లా మనదే పైచెయ్యి. వీళ్ళలో చాలామంది ముప్పైల్లో ఉన్నవాళ్ళు, కూలిపని చేసేవాళ్ళు, చదువు అందనివాళ్ళు. తెల్లబట్ట అనో, నడుంనొప్పి అనో, ఎక్కువ రక్తం పోతోందనో వెళ్తే, "పిల్లలయ్యారుగా, ఇంక దాంతో పనేముంది" అన్న మాటతో తిరిగొస్తారు. అండాశయాలు కూడా తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగిపోతాయి. సంచి ఒక్కటే తీసినా అవి అనుకున్నదానికన్నా ముందే ఉడిగిపోవచ్చు. ఎముకలకీ గుండెకీ రావాల్సిన బలం ముందే తగ్గుతుంది. పదిహేడేళ్ళకి పెళ్ళి, ఇరవై రెండుకి ఇద్దరు పిల్లలూ కుటుంబ నియంత్రణ ఆపరేషనూ, ముప్పై ఐదుకి గర్భసంచి ఆపరేషను. అరవై ఏళ్ళలో నడవాల్సిన దారి ఇరవై ఏళ్ళలో అయిపోతోంది. ఆ స్త్రీకి ఏ వికాస పట్టికలో చోటుంది?

ఒకప్పుడు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు మనం మన ఒంటి గురించి మన భాషలో చదువుకున్నాం. అది ఆరోగ్య పుస్తకమని అలమరలో ఒక పక్కన, కథలూ కవిత్వమూ ఇంకో పక్కన పెట్టుకున్నాం. ఆ రెండు అరల్నీ కలపాల్సిన పని మిగిలే ఉంది. వికాసం మీద విమర్శ రాయడమంటే ఎరిక్సన్‌ని తిట్టి ఊరుకోవడం కాదు. ఆయన గళ్ళలో పట్టని జీవితాలను కథలుగా, నవలలుగా, ఆత్మకథలుగా, సర్వే లెక్కల పక్కన నిలబెట్టగల రచనలుగా రాయడం. గడి తప్పని అనిపించేంతగా రాయడం.

ఈ మధ్య ఆ విద్యార్థిని నా దగ్గరికి వచ్చింది. పరీక్షలో వికాస దశల ప్రశ్న వచ్చిందట. "మీరు చెప్పినట్టే ఎనిమిది దశలూ రాశాను మేడం. మార్కులు పోకూడదు కదా. కింద ఒక్క వాక్యం నాది రాశాను" అంది. ఏం రాశావని అడిగాను. 'కొందరు ఈ దశలను వరస తప్పి దాటుతారు, వారిని తప్పు పట్టరాదు' అని రాసిందట.

మార్కులు వేసినవాళ్ళు ఆ వాక్యం చదివారో లేదో తెలియదు. నేను మాత్రం ఈసారి నల్లబల్ల మీద పట్టిక గీశాక, దాని కింద ఆ వాక్యం కూడా రాశాను.